తరుగు తీసిన తూకం

మైమూనా వెల్లకిలా పడుకుని మూడేళ్ళయింది.

నడుం వాల్చిందంటే చాలు, గుండెల మీద ఎవరో రుబ్బురోలు ఎత్తిపెట్టినట్టు ఊపిరి ఆడేది కాదు. అందుకని గోడకు ఆనుకుని, వీపు వెనక రెండు బాలీసులు, చంకల కింద రెండు బాలీసులు పెట్టుకుని, కూర్చునే కునికేది. ఆ బాలీసులు ఆమె మామ తన చేత్తో ఏకిన దూదితో కుట్టినవి. ఆమె మొగుడు మౌలాలీ వాళ్ళది దూదేకుల ఇల్లు. తండ్రి బతికినంతకాలం నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టాడు. కొడుకు దూది వదిలిపెట్టి ఇనుము పట్టుకున్నాడు. పల్నాడు రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు.

"ఊరందరికీ పరుపులు కుట్టిన ఇంట్లో కోడలికి పడుకునే రాత లేకపాయె" అని మౌలాలీ తల్లి ఖాతూన్ బీ వచ్చినవాళ్ళందరితోనూ అనేది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె కూడా రాత్రుళ్ళు లేచి కోడలి ఊపిరి వింటూ కూర్చునే మనిషే.

కూతురు రబియా పుట్టిన తర్వాత మైమూనాకి ఒళ్ళు రావడం మొదలైంది. మొదట్లో బాలింత ఒళ్ళు అన్నారు. తర్వాత నీరు అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేసి చూడటం మొదలుపెట్టారు. బస్సెక్కితే కండక్టరు రెండు టిక్కెట్లు కొట్టి చేతిలో పెట్టాడు ఒకసారి. ఆమె మారుమాట లేకుండా రెండిటికీ డబ్బులిచ్చి, ఇంటికొచ్చి, మళ్ళీ బస్సెక్కలేదు. ఏం తింటుందో అని వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. ఆమె తినేది మౌలాలీకి తెలుసు. తన పళ్ళెంలో సగం.

ఒకరోజు నీళ్ళబిందె ఎత్తబోయి గడప మీద కూలబడింది. పెదాలు నీలంగా తిరిగాయి. తేరుకున్నాక మొగుడి ముఖం చూసి నవ్వబోయింది.

"భయపడ్డావా?"

"లేదు."

"అబద్ధం. నీ చెయ్యి చూడు ఎట్టా వణుకుతుందో. ఇంజన్ స్టార్టయినట్టుంది."

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయి, ఆమె మెల్లగా అంది: "ఏమయ్యా, నాకు పెద్ద ఆశలేం లేవు. ఒక్క రాత్రి వెల్లకిలా పడుకుని తెల్లారిందాకా నిద్రపోవాలి. అంతే."

మౌలాలీ ఆ రోజే షెడ్డు మూసి డాక్టర్ల వేట మొదలుపెట్టాడు.

మొదట గుంటూరు వెళ్ళాడు. అక్కడొక సర్జను, చేతికి మంచి పేరున్నవాడేనని చెబితే విని వెళ్ళాడు. ఆయన విషయమంతా విని, "దాందేముంది, కడుపు మీద కొవ్వు కోసి తీసేద్దాం. వారంలో ఇంటికి పంపిస్తా" అన్నాడు.

"ఇంతకుముందు ఎంతమందికి తీశారు సార్?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వేం పని చేస్తావయ్యా?"

"ఇంజన్లు బాగుచేస్తానండి."

"నీ దగ్గరికొచ్చిన రైతు, నువ్విప్పటికి ఎన్ని ఇంజన్లు విప్పావని అడుగుతాడా?"

"అడుగుతాడండి. అడగడమే కాదు, నేను చేసిన ఇంజను ఏ చేలో ఆడతా ఉందో పోయి, చూసొచ్చి, అప్పుడు ఇస్తాడు."

డాక్టరు ముఖం ముడుచుకుంది. "అయితే పోయి చూసుకో" అన్నాడు.

మౌలాలీ దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. కోపం రాలేదు. ఆడుతున్న ఇంజను చూడకుండా తన ఇంటిమనిషిని ఎవరి చేతిలోనూ పెట్టకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

జిన్నింగు మిల్లు యజమాని త్రికోటేశ్వరరావుకి పెద్ద ఊళ్ళల్లో మనుషులు బాగా తెలుసు. ఆయన మిల్లులో ఇంజన్ల పని మౌలాలీదే. సంగతి విని ఆయన, "మద్రాసులో ఒకాయన ఉన్నాడయ్యా. కీల్పాక్‌లో సొంత ఆసుపత్రి. బయటదేశంలో చదివొచ్చాడు. పొట్ట లోపల సంచిని చిన్నది చేసి కుడతాడంట. మా బావమరిది వియ్యంకుడికి చేశాడు. ఆ మనిషి ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు" అని చెప్పి, మిల్లు ఆఫీసు నుంచే ట్రంకు కాల్ బుక్ చేయించాడు.

ఫోనులో ఆసుపత్రి గుమాస్తా చెప్పిందిది: ముందు మనిషిని తీసుకురావద్దు. ఆమె ఎక్స్‌రే, రక్తం, మూత్రం రిపోర్టులు, బీపీ, ఎత్తు, బరువు ఇవన్నీ తీసుకుని ఇంటివాళ్ళు ఎవరైనా రావాలి. డాక్టరుగారు చూసి, చేస్తారో లేదో చెబుతారు. బరువు మాత్రం ఖచ్చితంగా ఉండాలి.

మిగతావన్నీ పేటలోనే అయ్యాయి. బరువు దగ్గరే చిక్కొచ్చింది. గవర్నమెంటు ఆసుపత్రిలో తూకం మిషను మీద మైమూనా నిలబడగానే ముల్లు గిర్రున తిరిగి అటు చివర కొట్టుకుని ఆగిపోయింది. అక్కడున్న కాంపౌండరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు వేళ్ళ సందుల్లోంచి కనిపించింది. మైమూనా మిషను దిగి, ముసుగు సర్దుకుని, "పదయ్యా" అంది. 

"ఇంక మిగిలింది మిల్లు కాటానే" అన్నాడు మౌలాలీ ఇంటికొచ్చాక, ఆమె వైపు చూడకుండా.

"పత్తిబస్తాల్ని తూచే కాటా?"

"ఊఁ."

ముసుగు తీసి మడతపెడుతూ, "పనిలేని రోజు తీసుకుపో" అంది.

ఆదివారం మిల్లుకి సెలవు. త్రికోటేశ్వరరావు కాటా మనిషి హనుమయ్యకి చెప్పి ఉంచాడు. సెలవైనా ఎక్కణ్ణుంచి వచ్చారో, గోడల మీదా గేటు దగ్గరా కూలీ ఆడవాళ్ళు, పిల్లలు పోగయ్యారు. మౌలాలీ రిక్షా లోపలిదాకా తెచ్చి భార్యని దింపాడు. నిలబడితే ఆయాసం, అందుకని కాటా బల్ల మీద ఆఫీసు కుర్చీ వేశారు. ఆమెని కూర్చోబెట్టి, మౌలాలీ గేటు దగ్గరికి పరుగెత్తాడు, చూసేవాళ్ళని తరమడానికి.

"ఏంది మీకిక్కడ? ఇదేమన్నా సర్కసా? పొండి, పొండి!"

వెనక్కి తిరిగి చూస్తే, మైమూనా ముసుగులోంచి హనుమయ్యతో ఏదో అంటోంది. హనుమయ్య తలూపుతున్నాడు. నలభై ఏళ్ళుగా కాటా పక్కన నిలబడి బరువు అరుస్తున్న మనిషి. ఎక్కడో షెడ్డులో కూర్చున్న గుమాస్తాకి వినపడాలి కాబట్టి ఆయన గొంతు స్టేషన్ దాకా వినిపిస్తుందని పేటలో వేళాకోళం. రాయి జరిపి, గుండు జరిపి, కంటితో చూసి, ఆయన తల పైకెత్తి అరిచాడు:

"నూటా పద్నాలుగూ!"

మౌలాలీ జేబులోని సిగరెట్టు పెట్టె చించి, దాని మీద రాసుకున్నాడు. రిక్షాలో తిరిగొస్తుంటే మైమూనా ఆ అంకె తలుచుకుని ఆశ్చర్యపోయింది. "ఇంకా ఎక్కువుంటానేమో అనుకున్నా" అంది, కొంచెం తేలిగ్గా.

తెనాలి దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో మౌలాలీ మద్రాసు వెళ్ళాడు. ఒళ్ళో రిపోర్టుల సంచి, సంచిలో ఎక్స్‌రే, చెవిలో తల్లి చదివిన దువా. పోతూ పోతూ దారంతా మైమూనాని ఎట్లా తీసుకురావాలో చూసుకుంటూనే పోయాడు. రైలు మెట్లు ఎత్తు. బెర్తు మీద ఆమె సగమే పడుతుంది. పాయఖానా తలుపు సన్నం. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆమెని ఎక్కించడానికి నలుగురు చేతులు వేయాలి. ఆ నలుగురు మొగవాళ్ళు ఎవరని ఆలోచించి, రైలు పనికిరాదని తేల్చేశాడు.

కీల్పాక్ ఆసుపత్రిలో డాక్టరు కంటే ముందు అతను చూడాలనుకున్నది ఆడుతున్న ఇంజన్‌ని. వరండాలో, ఆపరేషనయ్యాక మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన ఒకతను కనిపించాడు. స్టీలుసామాన్ల వ్యాపారి, నెల్లూరు వైపు మనిషి. చొక్కా అతని మీద మరో మనిషి చొక్కాలా వేలాడుతోంది. మౌలాలీ పక్కన కూర్చుని, మొహమాటం లేకుండా అన్నీ అడిగాడు.

"నిజం చెప్పమంటావా? మొదటి నెల నరకం" అన్నాడతను. "పిచ్చుక తిన్నట్టు తినాలి. నాలుగు ముద్దలు ఎక్కువైతే కక్కుకోవడమే. పెళ్ళిభోజనం ఇంక నాకు లేదు. డబ్బు బాగా అయింది. అయితే తమ్ముడూ, రాత్రి..."

"రాత్రి?"

"వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నా. మా ఆవిడ లేచి, ఉన్నానా పోయానా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, గురక లేదని."

మౌలాలీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టర్ని ఎంచుకోవడం అక్కడే అయిపోయింది.

డాక్టరు సన్నగా, నిదానంగా ఉన్నాడు. తెలుగు వచ్చు. కాయితాలు ఒక్కొక్కటీ చదివాడు. ఎంతమందికి చేశారన్న ప్రశ్నకి కోపం తెచ్చుకోలేదు. చేసినవాళ్ళ సంఖ్యా చెప్పాడు, పోయినవాళ్ళ సంఖ్యా చెప్పాడు. ఖర్చు చెప్పాడు. ఆపరేషను, మత్తు డాక్టరు, రూము, రక్తం, తర్వాత నెలరోజులు మద్రాసులోనే బస. మౌలాలీ మనసులో తన లేతు మిషను అమ్మేశాడు. ఇంటి వెనక జాగా కూడా అమ్మేశాడు.

చివరికి డాక్టరు బరువు దగ్గర ఆగాడు.

"ఈ ఎత్తుకి నూట ఇరవై కిలోలు దాటినవాళ్ళకే నేను కత్తి పెడతాను. ఆ లోపల ఉంటే ఆపరేషనే ఎక్కువ ప్రమాదం. మీ ఆవిడది నూట పద్నాలుగు."

"ఆయాసం చానా ఉందండి. కూర్చునే నిద్రపోద్ది."

"రాశారు, చూశాను. ఈ తూకం సరైనదేనా?"

"పత్తి మిల్లు కాటా సార్. గవర్నమెంటు ముద్ర ఉంది. గవ్వంత తేడా రాదు."

అతను ఆ మాట గర్వంగానే అన్నాడు.

డాక్టరు పెన్ను మూశాడు. "అయితే ఆరునెలలు తిండి కట్టు రాసిస్తాను. ఈ బరువైతే తిండి కట్టుతోనే దిగొస్తుంది. ఇప్పుడు ఆమెని ఇంతదూరం ఈడ్చుకురావద్దు. డబ్బంతా దారిలోనే అయిపోతుంది. బరువు పెరిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఫోన్ చెయ్యి."

మంచి మనిషి. మంచి మాటే చెప్పాడు. మౌలాలీ ఆ మాట పట్టుకుని వెనక్కి వచ్చాడు.

ఆ రోజు నుంచి మైమూనా కడుపు మాడ్చుకుంది. జొన్నరొట్టె ఒకటి, ఉడికిన సొరకాయ, మజ్జిగ. కూర తాలింపు వాసనకి ముఖం తిప్పుకునేది. ఖాతూన్ బీ కూడా కోడలితోపాటు అదే తిండి తినడం మొదలుపెట్టింది.

"నీకెందుకత్తా ఈ శిక్ష?"

"నా ముందర నువ్వు మాడతా ఉంటే నాకు బువ్వ దిగుతుందా? ఊరుకోవే."

ముఖం పీల్చుకుపోయింది, మెడ ఎముకలు తేలాయి. కాళ్ళు మాత్రం లావెక్కాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పూడేది కాదు. ఆయాసం పెరిగింది. రబియాకి జడ వేస్తూ మధ్యలో ఆగి, పాయ చేత్తో పట్టుకునే ఊపిరి తీసుకునేది. పేట డాక్టరు నీరుబిళ్ళలు ఇచ్చాడు. "మద్రాసాయన చెప్పినట్టే చేస్తున్నాం గదా, తగ్గుద్దిలే" అని మౌలాలీ అనేవాడు. ఆమె తలూపేది.

అట్లా దసరా వెళ్ళింది, చలికాలం వెళ్ళింది, శివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్ళు దగ్గరికొచ్చాయి. ఏటా కొండకి లాక్కెళ్ళే ఎత్తైన ప్రభలకి కట్టే లైట్ల జనరేటర్లన్నీ మౌలాలీ షెడ్డుకే వస్తాయి. చేతినిండా పని. ఆ హడావుడిలోనే మిల్లు ఇంజను మొరాయించిందని త్రికోటేశ్వరరావు కబురుపెడితే, పానాలు పట్టుకుని వెళ్ళాడు.

ఇంజను కింద పడుకుని నట్టు బిగిస్తుంటే బయట కాటా దగ్గర గొడవ వినపడింది. ఈపూరు నుంచి పత్తి తెచ్చిన రైతు ఒకడు హనుమయ్య మీద విరుచుకుపడుతున్నాడు.

"నా కళ్ళు కాకులు పొడిచినయ్యా? ముల్లు నూట ఆరు కాడ ఉంటే నూట రెండని అరుస్తావేందయ్యా?"

"తరుగు తియ్యొద్దా? సంచి బరువు, తేమ, చెత్తా చెదారం నీ తాత కడతాడా?" హనుమయ్య గొంతు మిల్లంతా మోగింది. "ఏ కాటా మీదైనా అరిచేది తరుగు తీసిన తూకమే. నిన్న పుట్టినోడిలాగా మాట్టాడతావేంది!"

మౌలాలీ చేతిలో పానా ఆగిపోయింది.

ఇంజను కిందనుంచి పాకుతూ బయటికొచ్చాడు. ఒంటినిండా నూనె. కాటా దగ్గరికి నడిచాడు.

"హనుమన్నా. మా ఆడమనిషిని తూచావు గదా ఆ రోజు."

"ఆఁ, ఎట్టుంది అమ్మాయి? తగ్గిందా?"

"కుర్చీకి తీశావా?"

"తీశాను. కుర్చీ లేకుండా ఎట్టా?"

"కుర్చీ కాక?"

హనుమయ్య నవ్వాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "తరుగు తీశాలేవయ్యా. ఆ పిల్ల, 'అన్నా, గట్టిగా అరవబాక, అందరూ వింటన్నారు' అని బతిమాలింది. మెల్లగా చెప్పడం నాకు చేతగాదు, ఈ నోరు అట్టా అలవాటైంది. అందుకని తరుగు మీద ఇంకొంచెం కూడా కొట్టేసి అరిచా. ఆడకూతురి మర్యాద గదా. నీకు తెలుసుద్దిలే అనుకున్నా. దూది నమ్ముకున్న ఇంట్లో పుట్టినోడివి. మీ నాయన ఈ కాటా మీదే కొనేవాడు."

మౌలాలీకి తెలియదు. తండ్రి వెంట ఒక్కరోజు కూడా కాటా దగ్గరికి రాలేదు. ఇనుము మీద మోజు.

"అసలెంత?"

"నూట ఇరవై అయిదు. కుర్చీ పోగా."

మౌలాలీ అక్కడే పత్తిబస్తా మీద కూర్చున్నాడు. ఈపూరు రైతు గొడవ మర్చిపోయి అతని వైపు చూస్తున్నాడు.

"నూట ఇరవై దాటితే కోస్తానన్నాడన్నా, మద్రాసాయన" అన్నాడు మౌలాలీ. "దాటలేదని పంపించాడు."

హనుమయ్య కాటా గుండు మీంచి చెయ్యి తీసేశాడు. 

త్రికోటేశ్వరరావు వెంటనే మద్రాసుకి లైను కలిపించాడు. డాక్టరే మాట్లాడాడు.  అంతా విని, అడిగాడు.

"కాళ్ళు?"

"వాచినయ్యండి. నొక్కితే గుంట పడతంది."

"పెదాలు?"

"అప్పుడప్పుడు నీలంగా తిరుగుతాయి."

"గుండె అలిసిపోయినట్టుంది." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే మౌలాలీని కోసేసింది. "ఇప్పుడు మత్తు తట్టుకోలేదు. ముందు గుండె కుదుటపడాలి, ఆ తర్వాతే ఆపరేషను మాట. శివరాత్రి వెళ్ళిన శుక్రవారం మంచం ఖాళీ అవుతుంది. ఆమె పేరు మీద ఉంచుతాను. ఈలోపు పేట డాక్టరు ఇచ్చే మందులు ఆపొద్దు. దారిలో పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకురా."

ఇంటికి పోతూ మౌలాలీ ఆలోచించింది ఒక్కటే, మైమూనాకి ఏం చెప్పాలి? తరుగు సంగతి చెబితే, గట్టిగా అరవొద్దని తనే అడిగానని ఆమెకి గుర్తొస్తుంది. బరువు పెరిగిందంటే, ఇన్నాళ్ళు కడుపు మాడ్చుకున్నదంతా వృథా అనుకుంటుంది. గుమ్మంలో నిలబడి, రెండిటికీ మధ్య ఒకటి చెప్పాడు.

"మిల్లు కాటా తప్పు చూపిందంట. ముల్లు పట్టేసిందంట. ఆయన రమ్మన్నాడు. శుక్రవారం."

మైమూనా అతని ముఖం చాలాసేపు చూసింది.

"హనుమయ్యన్నని ఏమన్నా అన్నావా?"

"లేదు."

"అనబాక. ముల్లు పట్టేస్తే ఆయనేం చేస్తాడు, పాపం. నా కోసం ఆదివారం పూట వచ్చాడు."

మౌలాలీ పెరట్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు. రెండుసార్లు కడుక్కున్నాడు.

త్రికోటేశ్వరరావు మిల్లు మెటాడోర్ వ్యాను ఇస్తానన్నాడు. డీజిలు పోసుకుంటే చాలన్నాడు. లేతు మిషనుకి సత్తెనపల్లి నుంచి బేరం వచ్చింది, అడ్వాన్సు తీసుకున్నాడు. ఇంటి వెనక జాగా కాయితాలు హనుమయ్యే పట్టుకుపోయి, తనకి తెలిసిన ఆసామి దగ్గర కుదిర్చి డబ్బు తెచ్చాడు. తెచ్చి, గడప బయటే నిలబడి ఇచ్చిపోయాడు. మైమూనా లోపల్నుంచి, "అన్నా, రా కూర్చో, మంచినీళ్ళు తాగి పో" అని పిలిచినా ఆగలేదు.

ఇంక మిగిలింది కుర్చీ. వ్యానులో మామూలు సీటు ఆమెకి చాలదు, నిటారుగా మద్రాసు దాకా కూర్చోలేదు, పడుకోనూలేదు. మౌలాలీ జనరేటర్లన్నీ పక్కన పడేసి, ఇనప యాంగిళ్ళు కోసి, వెల్డింగు పెట్టి వెడల్పాటి కుర్చీ చేశాడు. వీపు కొంచెం వెనక్కి వాలేటట్టు, చేతులు ఆనేటట్టు, కాళ్ళ కింద బల్ల వచ్చేటట్టు. బోల్టులతో వ్యాను నేలకి బిగించాడు. ఎక్కడానికి మెట్లు వేరే చేశాడు, ఎత్తు తక్కువగా, ఒకరు పట్టుకుంటే ఎక్కగలిగేలాగా. ఖాతూన్ బీ అటక మీంచి మొగుడు ఏకి దాచిన చివరి దూది దింపి, దానితో పరుపు కుట్టి కుర్చీలో వేసింది.

గురువారం పొద్దున, తెల్లారితే ప్రయాణమనగా, వ్యాను ఇంటి ముందు పెట్టాడు.

"ఒకసారి ఎక్కి చూడు. ఎక్కడన్నా ఒరుసుకుంటే ఇప్పుడే సరిచేస్తా."

మైమూనా కొత్త చీర కట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. ఈసారి ఆమె ముసుగు లాక్కోలేదు. అత్త చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కి, కుర్చీలో కూర్చుని, మెల్లగా వెనక్కి వాలింది. ఊపిరి ఆగుతుందేమోనని మౌలాలీ చూస్తున్నాడు. ఆగలేదు.

"ఏందయ్యా ఇది" అంది, కళ్ళు పెద్దవి చేసి. "ఇంత హాయిగా ఉందేంది?"

"ఒరుసుకోలేదు గదా?"

"లేదు. మద్రాసు ఎందుకు, ఈ కుర్చీ మూడేళ్ళ కిందటే చేసి ఉంటే సరిపోయేది."

"నీకు వేళాకోళం."

"కాసేపు ఇట్టాగే ఉంటా. దింపబాక."

కళ్ళు మూసుకుంది. కాసేపటికి చేతి వేళ్ళు వదులయ్యాయి. నిద్రపట్టింది. మౌలాలీ వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. గోలచేస్తున్న పిల్లల్ని చేత్తో సైగచేసి పంపేశాడు. కొండకి ప్రభలు కట్టుకుపోయిన ట్రాక్టర్లు ఒకటొకటే తిరిగొస్తుంటే రోడ్డు మీదికి ఎదురుపోయి, హారను కొట్టొద్దని బతిమాలాడు. రబియా అన్నానికి పిలిస్తే నోటి మీద వేలు పెట్టాడు. ఎండ ముఖం మీదికి వస్తుంటే గోనెపట్టా తెచ్చి కట్టాడు. ఆమె ముఖంలో అంత నెమ్మది చూసి ఎన్నాళ్ళయిందో. గురక కూడా లేదు. నెల్లూరాయన మాట గుర్తొచ్చి నవ్వుకున్నాడు. వాళ్ళావిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట.

నవ్వు ఆగింది. లేచి, నూనె మరకల వేలు మెల్లగా ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

జనాజా ఎత్తినప్పుడు భుజాలు తొందర తొందరగా మారాల్సి వచ్చింది. మోసేవాళ్ళు చెమటలు కక్కుతూ పక్కవాళ్ళకి ఇచ్చుకుంటున్నారు. వెనక ఎడంవైపు మాత్రం భుజం మారలేదు. మౌలాలీ తిరిగి చూస్తే హనుమయ్య. ముసలాయన మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. ఎవరో తప్పుకోమంటే వినలేదు. ఖబరస్తాన్ దాకా మోశాడు. మట్టిలో మైమూనాని దింపి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి పడుకోబెట్టారు.

రెండు రోజులకి త్రికోటేశ్వరరావు ఆఫీసు నుంచి మౌలాలీ మద్రాసుకి ఫోను చేశాడు. గుమాస్తా తీశాడు.

"ఆఁ, నరసరావుపేట కేసు. నిన్న రావాల్సింది, రాలేదే? బయల్దేరారా? కొత్త చీటీ రాస్తున్నా, చెప్పండి. పేరు?"

"మైమూనా."

"బరువు?"

"నూట ఇరవై అయిదు" అన్నాడు మౌలాలీ. "తరుగు తియ్యలేదండి."

"ఏంటది?"

"ఏం లేదండి. ఆమె రావట్లేదు. చనిపోయింది. ఆ మంచం ఊరికే ఉంచబాకండి. ఊపిరాడనోళ్ళు ఎవరన్నా ఉంటారు, వాళ్ళకియ్యండి."

ఫోను పెట్టేసి బయటికొచ్చాడు. కాటా మీద బస్తా ఉంది. ఎండలో రైతు నిలబడి ఉన్నాడు. షెడ్డులో గుమాస్తా పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. హనుమయ్య ముల్లు వైపు చూస్తూ ఉండిపోయాడు. అరుపు రావడం లేదు.

"చెప్పయ్యా, ఎంతా?" రైతు విసుక్కున్నాడు. "పొద్దున్నించీ ఇదే వరస, మూగనోము పట్టినట్టు."

మౌలాలీ దగ్గరికెళ్ళి కాటా పక్కన నిలబడ్డాడు. తను కూడా ముల్లు చూశాడు.

"చెప్పన్నా" అన్నాడు. "ఆయన ఎండలో నిలబడ్డాడు."

హనుమయ్య చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పాడంటే, షెడ్డులో ఉన్న గుమాస్తా లేచి దగ్గరికి రావాల్సి వచ్చింది.